సంబంధం లేని మేనమామ

అల్మాస్‌గూడ,
12 డిసెంబర్ 2025

చి.ల.సౌ. సంతోషికి మేనమామ భిక్షపతి ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అత్త రాములమ్మకు మోకాలి నొప్పి తప్ప వేరే ఫిర్యాదులు లేవు. ఉన్నవన్నీ నా మీదనే కాబట్టి ఇక్కడ వ్రాయను.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేందని అనుకుంటావు. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది. ఇరవై ఏండ్ల ప్రజాజీవితంలో నేను నేర్చుకున్నది ఒకటే, ఏ పని కావాలన్నా కాగితం మీద పెట్టాలి, ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి. పైగా ఉపసర్పంచ్‌గా ఉన్నప్పుడు కొట్టించిన లెటర్‌ప్యాడ్లు ఇంకా ఉన్నాయి. 'ఉపసర్పంచ్' ముందు 'మాజీ' అని పెన్నుతో చేర్చాను, గమనించగలవు.

విషయం: నెట్‌లో ఉండే విజ్ఞాన సర్వస్వం, అదే మీ వికీపీడియాలో, నా పేరిట ఒక పేజీ ఏర్పాటు చేయుట గురించి.

మన పంచాయతీ పోయి బడంగ్‌పేట్‌లో కలిసింది. ఇప్పుడు బడంగ్‌పేట్‌ను కూడా తీసుకుపోయి హైదరాబాద్‌లో కలిపారు. పంచాయతీ ఆఫీసు గోడ మీద సర్పంచుల పేర్ల పట్టిక ఉండేది. అందులో నా పేరు లేదు. నేను పూర్తి సర్పంచ్‌ను కాను, సర్పంచ్ గుండె ఆపరేషన్‌కు పోయినప్పుడు పదకొండు రోజులు ఇంచార్జిని. ఆ పదకొండు రోజుల్లోనే, మూలమలుపు దగ్గర తిరిగిపోయే సిటీబస్సును బడి దాకా తెప్పించాను. ఇప్పుడు గోడకు రంగు వేసి ఆ పట్టికనే లేకుండా చేశారు.

మొన్న ఆదివారం మా వీధి చివర కొత్త అపార్ట్‌మెంట్‌లో సంఘం మీటింగు అని తెలిసింది. నన్ను పిలవడం మరిచిపోయారేమోనని నేనే వెళ్లాను. గేటు కాడ వాచ్‌మన్ రిజిస్టర్ తెరిచి, ఏ ఫ్లాటుకు, ఏం డెలివరీ అని అడిగాడు. ఖద్దరు బట్టలు చూసి కూడా అడిగాడు. సంతోషీ, ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నువ్వు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటూనే చెరువుల మీద, గుట్టల మీద వందల పేజీలు రాశావని మీ అమ్మ చెప్పింది. చెరువుకు ఉన్న పేజీ మేనమామకు ఉండొద్దా? ఆధారాలుగా నలభై మూడు పేపర్ కటింగులు ఆటో సైదులుతో పంపుతున్నాను. ముట్టినట్టు సంతకం చేసి ఇవ్వగలవు.

ఇట్లు, ప్రజాసేవలో,
మేకల భిక్షపతి
మాజీ ఉపసర్పంచ్, మాజీ సర్పంచ్ (పదకొండు దినములు)


దిల్‌సుఖ్‌నగర్,
17 డిసెంబర్

మామకు సంతోషి నమస్కారాలు.

పిల్లలకు పరీక్ష పెట్టి, వాళ్లు రాస్తుంటే ఎదురుగా కూర్చుని నేనూ రాస్తున్నాను. వాళ్లకు మూడు గంటలు టైముంది, నాకు వాళ్లు కాపీ కొట్టడం మొదలుపెట్టేదాకా.

నీ కటింగులన్నీ చూశాను. ముప్పై ఒకటి నీ పుట్టినరోజులకు నువ్వే వేయించుకున్న శుభాకాంక్షలు. ఏడు నువ్వు రాసి విలేకరి నాగార్జున అన్నకు ఇచ్చిన ప్రెస్‌నోట్లు, వాటిలో నిన్ను నువ్వే ఆరుసార్లు 'జననేత' అన్నావు. నాలుగింటిలో అసలు నీ పేరే లేదు. ఇవెందుకు పెట్టావా అని చూస్తే 'తదితరులు పాల్గొన్నారు' అన్నచోట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన 'నేను' అని రాశావు. మిగిలిన ఒకటి తప్పిపోయిన బర్రె ప్రకటన. అది పొరపాటున వచ్చిందనుకుంటున్నాను.

మామా, తిట్టుకోకు. వికీపీడియాలో విషయ ప్రాముఖ్యత అని ఒక నియమం ఉంది. ఒక మనిషికి పేజీ ఉండాలంటే ఆయన గురించి ఆయన చెప్పకుండా, ఆయన అడగకుండా, ఎవరో వివరంగా రాసి ఉండాలి. ఎమ్మెల్యేలకు తేలిగ్గానే దొరుకుతుంది. ఉపసర్పంచులకు కష్టం.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఎవరి గురించైనా వాళ్లతో సంబంధం లేనివాళ్లే రాయాలి. నేను నీ మేనకోడల్ని. మన మధ్య ఈ సంబంధం ఉన్నన్ని రోజులు ఆ పేజీ మీద నేను చెయ్యి వేయకూడదు. ఎనిమిదేండ్ల నుంచి ఇదే మాట చెప్పి ఎంతమంది మామల పేజీలు ఆపానో లెక్కలేదు, ఇప్పుడు నా మామ దగ్గరికి వచ్చేసరికి మాట మార్చలేను.

పేజీ సంగతి పక్కన పెట్టి ఫిబ్రవరి ఇరవై ఆరున నా పెళ్లి సంగతి చూడు. కార్తీక్ వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా అమలాపురం ఆచారాలేవీ వదల్లేదు. పెళ్లికూతుర్ని మేనమామే బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలని వాళ్లమ్మ ఇందిరాదేవి గారు మరీ మరీ చెప్పారు. నాన్న పోయినప్పటి నుంచి మా ఇంటికి పెద్ద దిక్కువు నువ్వే. నడుము జాగ్రత్త.

నీ కోడలు,
సంతోషి


అల్మాస్‌గూడ,
26 డిసెంబర్

చి.ల.సౌ. సంతోషికి,

నీ జవాబు రెండుసార్లు చదువుకుని, మీ అత్తకు ఒకసారి చదివి వినిపించాను. ఆమె చేతిలో గరిటె ఉంది కాబట్టి అభిప్రాయం అడగలేదు.

నువ్వు చెప్పింది న్యాయమే. పదవిలో ఉన్నవాడు సొంత బామ్మర్దికి కాంట్రాక్టు ఇవ్వరాదని మాకూ రూలు ఉంది. అటువంటప్పుడు ఏం చేయాలో కూడా మాకు తెలుసు. నేను ఇప్పటిదాకా మూడు పార్టీలకు రాజీనామా చేశాను. ఆ మూడు పార్టీల వాళ్లూ ఈనాటికీ నాతో చాయ్ తాగుతారు. కాగితం వేరు, మనిషి వేరు. ఇది మీ కోచింగ్ సెంటర్లో చెప్పరు.

కనుక ఆ అడ్డం సంగతి నాకు వదిలేయి. నీ ఆధార్ కార్డులో ఉన్న పూర్తి పేరు, చిరునామా ఒక కాగితం మీద రాసి సైదులుకు ఇవ్వు. పేపర్లో వేయించాలి. చూసి సంతోషిస్తావు.

ఈలోగా కాలయాపన కాకూడదని, మన తిరుపతమ్మ జిరాక్స్ షాపులో పేజీ మొదలుపెట్టించాను. తిరుపతమ్మకు రేషన్ కార్డు దరఖాస్తులు నింపిన అనుభవం ఉంది, చకచకా కొట్టేసింది. నువ్వు తర్వాత మెరుగులు దిద్దుదువు గానీ.

ఇట్లు,
మేకల భిక్షపతి


దిల్‌సుఖ్‌నగర్,
2 జనవరి 2026

మామకు నమస్కారాలు, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

తిరుపతమ్మ గారు కొట్టిన పేజీ చూసి గుండె ఆగినంత పని అయింది. 'బడుగుల పాలిటి ఆశాజ్యోతి, అల్మాస్‌గూడ ముద్దుబిడ్డ' అని మొదలై, 'దరఖాస్తుదారుని సంతకం' అని ముగిసింది. రెండు రోజులు కాకముందే ఎవరో దాన్ని తొలగించాలని చర్చకు పెట్టారు. న్యాయంగానే పెట్టారు. అక్కడితో ఆగినా బాగుండేది. అరగంటలో ఐదుగురు కొత్తవాళ్లు వచ్చి 'ఉంచాలి, ఉంచాలి' అని రాశారు. ఐదుగురూ ఒకే కంప్యూటర్ నుంచి రాశారని అక్కడివాళ్లకు తెలిసిపోయింది. జిరాక్స్ షాపు ముందు లైను కట్టించావా ఏం?

ఇంక ఎవరినీ పంపకు మామా. ఈ నెల పదహారు దాకా చర్చ నడుస్తుంది, తర్వాత వికీపీడియా పెద్దలు తేలుస్తారు.

ఆధార్‌లో ఉన్న పేరు సైదులుకు ఇచ్చాను. పెళ్లికి మేనమామ తరఫున పేపర్లో శుభాకాంక్షలు వేయిస్తున్నావు కదా, నాకు అర్థమైంది. అమ్మకు చెబితే ఒకటే మురిసిపోయింది. 'నా తమ్ముడు మనసుల పెట్టుకుంటే చేసి తీరుతడు' అని ఎల్బీనగర్‌లో మా కాలనీలో నాలుగిళ్లకు చెప్పి వచ్చింది. ఒక్కటే మనవి, ఫోటో వేస్తే నీది నా కన్నా పెద్దగా వేయించకు.

సంతోషి


అల్మాస్‌గూడ,
6 జనవరి

శ్రీమతి/కుమారి బొల్లం సంతోషి గారికి,

ఈ సంబోధన చూసి గాబరా పడకు. కారణం కింద తెలుస్తుంది. ఈ రోజు జిల్లా ఎడిషన్ ఐదో పేజీలో అచ్చయిన ప్రకటన జతపరిచాను. దాని పాఠం ఇది:

'బహిరంగ ప్రకటన. ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, ఎల్బీనగర్ వాస్తవ్యురాలు, నా మేనకోడలు అయిన బొల్లం సంతోషితో నాకు నేటి నుండి ఎట్టి సంబంధ బాంధవ్యములు లేవు. ఆమె వ్రాతలకు నేను గానీ, నా చేతలకు ఆమె గానీ బాధ్యులము కాము. మేకల భిక్షపతి, మాజీ ఉపసర్పంచ్, అల్మాస్‌గూడ.'

అయిపోయింది. నువ్వు చెప్పిన అడ్డం తొలగింది. ఇప్పుడు నాతో సంబంధం లేని మనిషివి, నిశ్చింతగా రాయవచ్చు. నీ పేరు పాడు కాకూడదని పక్కా కాగితం చేయించాను. చర్చ ముగిసేదాకా నాకు ఫోన్ చేయకు, మనకు సంబంధం ఉన్నట్టు రికార్డవుతుంది. మీ అమ్మకు నేను తర్వాత చెప్పుకుంటాను, ఆమె పేపర్ చదవదు కదా.

నాగార్జున ఈ ప్రకటన ఎందుకని అడిగాడు. మొత్తం వివరించాను. నా ముందుచూపుకు ఆశ్చర్యపోయి, చెప్పిందంతా రాసుకుని వెళ్లాడు.

ఇట్లు, ఎట్టి సంబంధము లేని,
మేకల భిక్షపతి


ఎల్బీనగర్,
9 జనవరి

మామా,

నమస్కారాలు ఈసారి రాయడం లేదు.

అమ్మ పేపర్ చదవదు. కార్తీక్ వాళ్ల నాన్న త్రినాథరావు గారు చదువుతారు. ఆయన రిటైరైన ఆడిటర్. పేపర్‌ను తేదీ దగ్గర మొదలుపెట్టి ప్రింటర్ పేరు దాకా చదివి, అనుమానం ఉన్నచోట టిక్కు పెడతారు. నిన్న పొద్దున ఏడింటికే ఇందిరాదేవి గారితో కలిసి మా ఇంటికి వచ్చారు. చేతిలో నీ ప్రకటన, దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత.

అరిస్తే నేనూ అరిచేదాన్ని. ఆయన చాలా మెల్లగా మాట్లాడారు. "తప్పుగా అనుకోకండమ్మా. సొంత మేనమామే పెళ్లికి ఏడు వారాల ముందు సంబంధం లేదని పేపర్లో వేయించాడంటే, మాకు తెలియనిది ఏదో ఆయనకు తెలిసి ఉండాలిగా?" అన్నారు. వికీపీడియా కోసం అని చెప్పాను. ఆయన ఆ మాటను ప్రకటన అంచున రాసుకుని, పక్కన టిక్కు పెట్టారు. నిజమే చెబుతున్నా అబద్ధంలా ఉంది మామా, నాకే నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. శుభలేఖలు అచ్చుకు ఇవ్వడం ఆపమన్నారు. బుట్ట మోసే మనిషే లేకపోతే ఎట్లా అని ఇందిరాదేవి గారు బాధపడ్డారు. కార్తీక్ ఫోన్ చేసి, వాళ్ల నాన్నకు తానే చెప్తానన్నాడు కానీ, ఆయనకు ఎవరు చెప్పినా కాగితం చూపించమంటారట.

వాళ్లు పోయాక అమ్మ ఆ ముక్క నాతో చదివించుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. "నాయిన సచ్చిపోంగ గీని చెయ్యి నా చేతుల పెట్టిండు. గా చెయ్యితోనే గిది రాసిండా?" అన్నది. అప్పటి నుంచి పొయ్యి వెలిగించలేదు.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. నువ్వు ఊరికే కాగితం అనుకున్నావు. దాని కింద మా అమ్మ పుట్టిల్లు ఉంది.

సంతోషి


అల్మాస్‌గూడ,
11 జనవరి

సంతోషీ, బిడ్డా,

ఇయ్యాల లెటర్‌ప్యాడ్ మీద రాస్తలేను. మీ అత్త లెక్కల నోటుబుక్కుల కాగితం చింపిన. నోట్లకెల్లి ఎట్ల వస్తే అట్ల రాస్తున్న, తప్పులుంటే దిద్దుకో.

నీ ఉత్తరం సదివి నిన్న ఎల్బీనగర్ వచ్చిన. నువ్వు క్లాసుకు పోయినవు. మీ అమ్మ గ్రిల్ తీయలే. లోపట్నే నిలవడి, ఎవరు కావాలె అన్నది. అక్కా నేనే అన్న. "నాకు తమ్ముడు లేడంట. పేపర్ల ఏసిండ్రు" అన్నది. గంటసేపు మెట్ల మీద కూసున్న. మంచినీళ్ల గ్లాసు మాత్రం గ్రిల్ సందులకెల్లి బయట పెట్టింది, నా దిక్కు చూడలే.

కాగితం వేరు, మనిషి వేరు అనుకున్న బిడ్డా. పార్టీలల్ల గట్లనే నడుస్తది. ఇంట్ల గట్ల నడవదని గా మెట్ల మీద ఎర్కయింది.

ఇంకొకటి చెప్పాలె, సిగ్గయితుంది. ఇయ్యాల పేపర్ల నాగార్జున నా మీద వార్త రాసిండు. 'పేజీ కోసం మేనకోడలిని కాదనుకున్న మాజీ ఉపసర్పంచ్' అని హెడ్డింగు, పావు పేజీ, నా ఫోటో. నేను రాసియ్యకుంట నా మీద వార్త వచ్చుడు ఇరవై ఏండ్లల్ల ఇదే మొదలు. నువ్వు చెప్పినట్టు నేను అడగలే, రాయుమని చెప్పలే. ఇది ఆధారం కింద పనికొస్తదా అని ఒక్క నిమిషం మనసు గుంజింది. మీ అత్త గా పేపర్ గుంజుకొని, "సిగ్గున్నదా నీకు?" అన్నది. ఉన్నది. అందుకే చెప్తున్న. పనికొచ్చినా నాకు వద్దు.

రేపు పేపర్ల ఇంకో ప్రకటన వస్తది. నేనే రాసిన: 'ఈ నెల ఆరో తేదీన వేయించిన ప్రకటన నా తెలివితక్కువతనము వలన జరిగినది. బొల్లం సంతోషి నా సొంత మేనకోడలు. ఆమె పుట్టిన నాటి నుండి సంబంధము కలదు. నేను చచ్చేదాకా ఉండును.' పేపర్ ఆఫీసుల ప్రకటనలు తీసుకునేటాయన 'మృతి చెందువరకు' అని పెట్టుమన్నడు. చచ్చేదాకానే ఉంచుమన్న.

త్రినాథరావుగారి దగ్గరికి కూడా నేనే పోత. నువ్వు నా కోసం ఏం రాయకు. నాకు సంబంధం లేని మనిషివి కావొద్దు.

నీ మామ


దిల్‌సుఖ్‌నగర్,
19 జనవరి

మామకు సంతోషి నమస్కారాలు.

నువ్వు వచ్చి వెళ్లిన సంగతి త్రినాథరావు గారే చెప్పారు. వాళ్ల గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, తప్పంతా నాదేనని రెండు చేతులూ జోడించావట. అది విని కూడా ఆయన తొందరపడలేదు. రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచారు. సంబంధం లేదన్నదాని కన్నా ఉందన్నది అర అంగుళం పొడవుందని తేలాక, "శుభలేఖలు అచ్చుకు ఇచ్చేయండమ్మా" అన్నారు. రెండోదాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నారు.

అమ్మ నీ మీద ఇంకా కోపంగానే ఉంది. కానీ గీ సలికాలంల వాడు బండి మీద తిరుగుతుండా అని సైదులును రెండుసార్లు అడిగింది.

ఇక నీ పేజీ. శుక్రవారం చర్చ ముగిసింది, పేజీ తీసేశారు. నాగార్జున అన్న రాసిన వార్త దాన్ని ఆపలేదా అని నువ్వు అడగవు గానీ నేనే చెబుతున్నాను. ఒక్క సంఘటనతో వార్తకెక్కినవాళ్లకు పేజీ ఇవ్వకూడదని ఇంకో నియమం ఉంది. నువ్వు దానికి కూడా సరిగ్గా సరిపోయావు.

ఉంచాలనీ తీసేయాలనీ నేను అనలేదు. కానీ తెలిసి ఊరుకోవడం తప్పు కాబట్టి, చర్చలో చివరన నా పేరుతో ఇట్లా రాశాను: 'ఈ వ్యాసంలోని భిక్షపతి గారు నా సొంత మేనమామ. ఆయన అంటే నాకు ఉన్న ప్రేమ వల్ల నేను నిష్పక్షపాతంగా ఉండలేను. అందుకే ఈ చర్చలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.'

నీకు తెలియనిది ఒకటుంది. పేజీలు తీసేస్తారు కానీ తొలగింపు చర్చలు తీసేయరు. ఎందుకు తీసేశారని రేపు ఎవరైనా అడిగితే చూపించాలని ఎప్పటికీ దాచి ఉంచుతారు. నీ గురించి వికీపీడియాలో ఇక మిగిలింది ఆ చర్చ ఒక్కటే. నేను అంతకన్నా ఏం చేయలేకపోయాను మామా.

నీ కోడలు,
సంతోషి


అల్మాస్‌గూడ,
23 జనవరి

చి.ల.సౌ. సంతోషికి,

నీ ఉత్తరం అందిన వెంటనే తిరుపతమ్మ షాపుకు పోయి చర్చ మొత్తం ప్రింటు తీయించాను. నాలుగు పేజీలు వచ్చింది. తిరుపతమ్మ ఒక్కొక్కరిదీ చదివి వినిపించింది. ఎవరూ నన్ను తిట్టలేదు. ఈయన సర్పంచ్ కాదని ఒకరు, ఆధారాలు లేవని ఒకరు, పేజీ దరఖాస్తు ఫారంలా ఉందని ఒకరు రాశారు. అందరూ ఉన్నమాటే రాశారు. ఉన్నమాట ఇంతమంది ఒక్కచోట నా గురించి చెప్పడం నేను ఇంతకుముందు వినలేదు. చివర నీ మూడు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి ఆమె కాగితం నా చేతికి ఇచ్చింది. మిగిలింది నేనే చదువుకున్నాను.

ముగిసిన చర్చలో ఎవరూ ఏమీ చేర్చరాదని పైన పెద్ద డబ్బా కట్టి రాసి ఉంది. అయినా నీ పేరు కింద ఒక్క వాక్యం కొట్టమన్నాను: 'పై సంబంధము నిజమని ధ్రువీకరిస్తున్నాను. మేకల భిక్షపతి.' రూలు ప్రకారం మీవాళ్లు దాన్ని తీసేస్తారు. తీసేయనీ, న్యాయమే. తీసేసేలోపల మీ అమ్మకు ఫోన్ చేసి, నీది, దాని కింద నాది, రెండూ చదివి వినిపించాను.

అంతా విని మీ అమ్మ అన్నది, "ఇంకోపారి సదువు, తమ్మీ."

ఇట్లు,
నీ మేనమామ
భిక్షపతి